మద్రాసుకు బ్యాటు పట్టించిన బుచ్చిబాబు నాయుడు

రంజీ సీజను ముందు, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తమిళనాడు మైదానాల్లో ఒక క్రికెట్ టోర్నమెంటు జరుగుతుంటుంది. దేశంలోని రకరకాల రాష్ట్రాల జట్లు వస్తాయి. రంజీకి ముందు కాళ్లూ చేతులూ సరిచూసుకోవడానికి ఇదో మంచి అవకాశం. దాని పేరు బుచ్చిబాబు టోర్నమెంటు. 2024లో ఆ కప్పు ఎగరేసుకుపోయింది హైదరాబాద్ జట్టే. కప్పు మీద ఉన్న పేరు ఒక తెలుగువాడిదని ఆడినవాళ్లలో ఎందరికి తెలుసో, చూసినవాళ్లలో ఎందరికి తెలుసో చెప్పడం కష్టం.

బుచ్చిబాబు దేశానికి ఆడినవాడు కాదు. ఆయన పేరు నిలబడింది తాను చేసిన పరుగులతోనూ కాదు. పదిమంది ఆడుకోవడానికి చోటు చూపించి, చేతికి బ్యాటు ఇచ్చి, ఆట నేర్పినందుకు నిలబడింది. దక్షిణాదిలో భారతీయుల క్రికెట్‌కు ఆయన్ను పితామహుడు అంటారు. నలభై ఏళ్లే బతికినా, చేసిన పని మాత్రం నూరేళ్లు దాటి నడుస్తోంది.

దుబాసీల ఇంటి బిడ్డ

బుచ్చిబాబు అసలు పేరు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. 1868లో పుట్టారు. ఆ కాలపు చెన్నపట్నంలో తెలుగువాళ్ల పలుకుబడి తక్కువేమీ కాదు. 1639లో ఇంగ్లిషు కంపెనీకి ఆ సముద్రపు ఒడ్డున చోటిచ్చింది దామెర్ల నాయకులు. చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అన్న పేరు వచ్చిందని చెప్పుకుంటారు. కంపెనీ దొరలకూ ఇక్కడి వర్తకులకూ మధ్య మాట నడిపినవాళ్లు దుబాసీలు. రెండు భాషలు తెలిసినవాడే దుబాసీ. కానీ పని మాట మార్చడంతో సరిపోయేది కాదు. సరుకు కొనిపెట్టాలి, అప్పు పుట్టించాలి, నమ్మకానికి పూచీ పడాలి. అందుకే వాళ్ల చేతుల్లో డబ్బు ఆడేది. ఆ దుబాసీల్లో తెలుగువాళ్లు చాలామంది.

బుచ్చిబాబు తాత మోతవరపు డేరా వెంకటస్వామి నాయుడు అలాంటివారే. పారీ కంపెనీకి దుబాసీ. మైలాపూరులోని లజ్ ప్రాంతంలో ఆ కుటుంబానికి పెద్ద బంగళా ఉండేది. లజ్ హౌస్ అనేవారు. ఆంధ్రపత్రిక, అమృతాంజనం స్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పేరు మీద పార్కు ఉన్నది కూడా ఆ లజ్ చర్చి రోడ్డులోనే. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది ఆ దాపులనే. తెలుగువాళ్ల చరిత్రకు ఆ వీధి కొత్తది కాదు.

తాత ఇంట్లో బుచ్చిబాబు దొరబిడ్డలా పెరిగారు. పిల్లలను చూసుకోవడానికి ఇంగ్లిషు ఆయాను పెట్టారు. చదువు, నడక, మాట, ఆటపాటలు అన్నీ ఆ పద్ధతిలోనే సాగాయి. చిన్నతనంలోనే చేపాక్ మైదానంలో దొరలు ఆడే క్రికెట్ ఆయన కంటబడింది. ఆ ఇష్టం జీవితాంతం వదల్లేదు. క్రికెట్ ఒక్కటే కాదు, ఆటలన్నీ ఆయనకు ఇష్టమే.

గీత అవతల మనవాళ్లు

అప్పటికి మద్రాసులో క్రికెట్ అంటే దొరల ఆట. 1846లో మద్రాస్ క్రికెట్ క్లబ్ పెట్టారు. 1860లలో అది చేపాక్‌కు చేరింది. అక్కడ వాళ్లకు మంచి మైదానం ఉండేది, పక్కన పెవిలియన్ ఉండేది. మధ్యాహ్నం ఆట ఆగితే అందులోకి వెళ్లి భోంచేసేవారు, సేదతీరేవారు. అయితే ఆ పెవిలియన్ తెల్లవాళ్లదే. భారతీయులకు లోపల చోటు లేదు. చూడటానికి వచ్చినా, ఎప్పుడైనా ఆడటానికి పిలిచినా మనవాళ్లకు దిక్కు బయట చెట్టు నీడే.

ఈ సంగతి బుచ్చిబాబుకు గుచ్చుకుంది. ఆయనకేమీ లోటు లేదు. డబ్బుంది, ఇంగ్లిషు వచ్చు, దొరలతో పరిచయాలున్నాయి. కావాలంటే తన మటుకు తాను ఏదో ఒక మూల కుర్చీ సంపాదించుకునేవారే. కానీ తనొక్కడికి కుర్చీ దొరికితే మిగతావాళ్లకు చెట్టు నీడే మిగులుతుంది. అర్జీలు పెట్టుకుని, బతిమాలి, సాధించేది ఎంతో ఆయనకు తెలియంది కాదు. అందుకే వేరే దారి పట్టారు. మనకూ ఒక క్లబ్బు ఉండాలి, మనకూ ఒక మైదానం ఉండాలి, మన జట్టు వాళ్ల జట్టుకు ఎదురుగా నిలబడాలి. అప్పుడు సమానంగా చూడక తప్పదు.

1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పుట్టింది. అప్పటికి బుచ్చిబాబుకు ఇరవై ఏళ్లు. ఎస్ప్లనేడ్ ప్రాంతంలో క్లబ్బుకు చోటు సంపాదించారు. విచిత్రం ఏమిటంటే బొంబాయి పార్సీల క్రికెట్ జట్టు రెండోసారి ఇంగ్లండు వెళ్లి ఆడొచ్చిందీ ఆ ఏడే. దేశం రెండు మూలలా ఒకే కాలంలో మనవాళ్లు ఈ ఆటను తమ చేతుల్లోకి తీసుకుంటున్నారన్న మాట.

క్లబ్బు పెట్టడం వేరు, నడపడం వేరు

బోర్డు కట్టడానికి ఒక రోజు చాలు. కష్టమంతా ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది. క్రికెట్ ఖర్చులేని ఆట కాదు. చెడుగుడుకైతే గీత గీసుకుంటే సరిపోతుంది. క్రికెట్‌కు బ్యాట్లు కావాలి, బంతులు కావాలి, ప్యాడ్లు, గ్లోవ్సు, స్టంపులు, వలలు కావాలి. ఆ రోజుల్లో మంచి సామాను ఇంగ్లండు నుంచి ఓడలో రావలసిందే. మామూలు గుమాస్తా కొడుక్కి, కాలేజీ కుర్రాడికి అది అందే సంగతి కాదు.

ఇక పిచ్ సంగతి. నేలను చదును చెయ్యాలి, నీళ్లు పట్టాలి, రోలరు తిప్పాలి, గడ్డి కత్తిరించాలి. వారం రోజులు అటు చూడకపోతే బంతి ఎటు లేస్తుందో తెలియదు. ఇవన్నీ కూలీ ఇచ్చి చేయించాల్సిన పనులు.

ఈ భారాన్ని బుచ్చిబాబు తన భుజాన వేసుకున్నారు. ఇంగ్లండు సామాను తెప్పించి ఆటగాళ్లకిచ్చారు. బ్యాటు ఎలా పట్టుకోవాలో, బంతికి కాలు ఎలా చాపాలో పక్కన నిలబడి నేర్పించారు. ఆసక్తి ఉన్న కుర్రాళ్లను వెతికి తెచ్చి ఆడించారు. వాళ్లు తెలుగువాళ్లా, తమిళులా అని చూడలేదు. క్లబ్బు పేరులో ఉన్న యునైటెడ్ అన్న మాటను అక్షరాలా పాటించారు. తాత దుబాసీగా కూడబెట్టిన సొమ్ములో కొంత ఇలా ఊరి పిల్లల ఆటకు చేరింది. తాతలు రెండు భాషల మధ్య వంతెన కడితే, మనవడు దొరల ఆటకూ మన కుర్రాళ్లకూ మధ్య వంతెన కట్టాడు.

దీన్ని దానం అనుకుంటే పొరపాటు. దానం ఇచ్చినవాడు ఇచ్చి వెళ్లిపోతాడు. బుచ్చిబాబు ఇరవై ఏళ్లపాటు ఆ మైదానాన్ని అంటిపెట్టుకుని ఉన్నారు. ఈ రోజుల్లో స్వచ్ఛంద సేవ అంటున్నామే, ఆ పేరు వినిపించని కాలంలో ఆయన చేసిందదే. జీతం లేదు, బత్తెం లేదు. సాయంత్రాలు, సెలవు దినాలు, సొంత డబ్బు ఆటకే ధారపోశారు.

బొంబాయికీ మద్రాసుకూ తేడా

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. బొంబాయిలో క్రికెట్ మతాల వారీగా పెరిగింది. అక్కడ పార్సీలకు ఒక జట్టు, హిందువులకు ఒకటి, ముస్లింలకు ఒకటి, దొరలకు ఒకటి. 1907లో ముక్కోణపు పోటీ మొదలైంది. 1912లో ముస్లింలు చేరి నాలుగు జట్లయ్యాయి. 1937లో ఐదో జట్టూ వచ్చింది. జనం విరగబడి చూసేవారు. కానీ మతం పేరిట జట్లేమిటని జాతీయ నాయకులు నొచ్చుకున్నారు. చివరకు 1946లో ఆ పోటీలు ఆగిపోయాయి.

మద్రాసులో ఆ గొడవ రాలేదు. బుచ్చిబాబు వేసిన బాటలో ఇక్కడ ఉన్నవి రెండే జట్లు. ఒకటి యూరోపియన్లది, రెండోది భారతీయులది. మన జట్టులో ఏ కులం వాడైనా, ఏ మతం వాడైనా, ఏ భాషవాడైనా ఆడవచ్చు. చూడటానికి చిన్న సంగతిలా ఉంటుంది గానీ, పునాది అలా పడబట్టే పైకట్టు కూడా అలా లేచింది.

చూడని ఆట

యూరోపియన్లకూ భారతీయులకూ మధ్య ఏటేటా ఒక పెద్ద పోటీ జరగాలన్నది బుచ్చిబాబు ఆశ. రెండు జట్లూ ఒకే మైదానంలో, ఒకే నిబంధనల కింద, సమానంగా తలపడాలి. మద్రాస్ క్రికెట్ క్లబ్బు పెద్దలతో మాట్లాడి ఒప్పించారు. 1908లో ఏర్పాట్లన్నీ అయ్యాయి. చెట్టు నీడ నుంచి మొదలుపెట్టిన నడక గమ్యానికి చేరబోతోంది.

ఇంతలోనే ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు నలభై. ఇరవై ఏళ్లు దేనికోసం పాటుపడ్డారో ఆ ఆటను చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

అయితే ఆట ఆగలేదు. ఆయన లేకపోయినా ఆయన చేతి కింద పెరిగినవాళ్లు ఉన్నారు. పోటీ జరిపించారు. తర్వాత 1915-16 సీజను నుంచి ప్రెసిడెన్సీ మ్యాచ్ పేరుతో అది ఫస్ట్‌క్లాస్ పోటీగా సాగింది. సంక్రాంతి రోజుల్లో చేపాక్‌లో జరిగేది. పొంగలి పండక్కి పట్నంలో అదో సందడి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్లు నడిచి 1952లో ముగిసింది. అదే ఏడు ఫిబ్రవరిలో చేపాక్‌లోనే భారత జట్టు ఇంగ్లండును ఇన్నింగ్స్ తేడాతో ఓడించింది. టెస్టుల్లో మన దేశానికి అదే మొదటి గెలుపు. ఒకప్పుడు మనవాళ్లను పెవిలియన్ మెట్టు ఎక్కనివ్వని మైదానంలోనే ఆ గెలుపు దక్కింది.

బుచ్చిబాబు పోయిన మరుసటి ఏడు, 1909లో, ఆయన పేరు మీద టోర్నమెంటు మొదలైంది. చాలా కాలం అది స్థానిక జట్ల పోటీగానే ఉండేది. 1960ల చివర్లో దేశం నలుమూలల జట్లను పిలవడం మొదలుపెట్టారు. మధ్యలో కొన్నేళ్లు ఆగినా, 2023లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఏడు మధ్యప్రదేశ్, మరుసటి ఏడు హైదరాబాద్ గెలిచాయి.

తండ్రి ఆగిన వయసులో కొడుకు మొదలు

బుచ్చిబాబు కొడుకులూ ఆట వదల్లేదు. భట్ అని పిలుచుకునే వెంకటరామానుజులు, బాలయ్య, రామస్వామి ముగ్గురూ మద్రాసు క్రికెట్‌లో పేరున్నవాళ్లే. ప్రెసిడెన్సీ మ్యాచ్‌లలో భారతీయుల జట్టుకు వెన్నెముకలా నిలిచారు. తండ్రి ఒప్పించి పెట్టిన పోటీలో కొడుకులు బ్యాటు పట్టారన్న మాట.

వీళ్లలో రామస్వామి కథ వింతగా ఉంటుంది. 1896లో పుట్టారు. దత్తత వెళ్లడంతో ఇంటిపేరు కోటా అయింది. తండ్రి పోయేనాటికి పన్నెండేళ్లవాడు. కేంబ్రిడ్జిలో చదివారు. టెన్నిస్‌లో రాణించి 1922లో డేవిస్ కప్పులో భారతదేశం తరపున ఆడారు. క్రికెట్‌లో పిలుపు మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టులో చోటు దొరికింది. మాంచెస్టర్‌లో మొదటి టెస్టు ఆడేనాటికి ఆయనకు నలభై ఏళ్లు నిండి నెల దాటింది. తండ్రి ఏ వయసులో పోయారో అదే వయసులో కొడుకు దేశానికి ఆడారు. మొదటి ఇన్నింగ్సులో 40, రెండో ఇన్నింగ్సులో 60 పరుగులు చేశారు. తర్వాత ఓవల్‌లో ఆడింది రెండో టెస్టు, అదే చివరిది కూడా.

మాంచెస్టర్‌లో దిగిన ఆ జట్టును చూస్తే సరిహద్దు దాటి స్థిరపడిన తెలుగువాళ్లకు ముచ్చటేస్తుంది. కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అని పిలిచే ఆయన. మధ్యలో బ్యాటు పట్టినవాడు సి.కె.నాయుడు, నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. ఆయన 1932లో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్. 1934 ఫిబ్రవరిలో చేపాక్‌లో జరిగిన మొదటి టెస్టులో జట్టును నడిపిందీ ఆయనే. మూడోవారు మద్రాసు తెలుగువాడు కోటా రామస్వామి. ఒకరిది విజయనగరం, ఒకరిది నాగపూరు, ఒకరిది మద్రాసు. ముగ్గురూ ఒకే జట్టులో కలిశారు.

రామస్వామి చివరి కథ మాత్రం విషాదమే. 1985 అక్టోబరులో మద్రాసులో ఇంట్లోంచి బయటికి వెళ్లినవారు తిరిగి రాలేదు. అప్పటికి ఆయనకు తొంభై దగ్గర పడింది. తర్వాత ఆయన జాడ తెలియలేదు.

గుర్తింపు ఎవరికి?

మన దేశంలో ఆటగాళ్లకు అర్జున అవార్డు 1961లో వచ్చింది. ఆట నేర్పేవాళ్లకు ద్రోణాచార్య అవార్డు కావాలని తోచేసరికి 1985 అయింది. జీవితాంతం ఆటకు సేవ చేసినవాళ్లకు ధ్యాన్‌చంద్ పేరిట 2002లో పెట్టారు. ఆటను పెంచి పోషించే సంస్థలకు జాతీయ స్థాయి పురస్కారం 2009లో గానీ రాలేదు. సి.కె.నాయుడు పేరు మీద క్రికెట్ బోర్డు జీవిత సాఫల్య పురస్కారం ఇవ్వడం 1994లో మొదలైంది. వరస చూస్తే తెలిసిపోతుంది. ముందు ఆడినవాడు, తర్వాత నేర్పినవాడు, అందరికంటే చివర ఆడించినవాడు.

నిజానికి వరస అటునుంచి మొదలవుతుంది. ఆడించేవాడు లేకపోతే నేర్పేవాడికి పని లేదు, ఆడేవాడికి చోటు లేదు. బరంపురంలోనో, బళ్లారిలోనో, హోసూరులోనో, చంద్రపూరులోనో, యానాంలోనో సాయంత్రం ఏ మైదానానికి వెళ్లినా అలాంటివాళ్లు కనిపిస్తారు. వాలీబాల్ వల కట్టేవాడు ఒకడు. ముగ్గుపిండితో గీతలు గీసేవాడు ఒకడు. సొంత స్కూటరు మీద పిల్లలను పోటీలకు తీసుకెళ్లేవాడు ఇంకొకడు. స్కోరు రాసే రిటైర్డు మాస్టారు, చందా పుస్తకం పట్టుకుని కొట్టు కొట్టుకూ తిరిగే కుర్రాడు, మ్యాచ్ రోజున మజ్జిగ కుండ తెచ్చిపెట్టే ఇల్లాలు. కప్పు ఇచ్చే వేదిక మీద ఇలాంటివాళ్లకు కుర్చీ ఉండదు. ఫొటోలో ఉండరు. మర్నాటి పేపర్లో పేరూ ఉండదు.

పెద్ద పెద్ద అవార్డులు ఊళ్లలో ఎవరూ ఇవ్వలేరు. బుచ్చిబాబు స్నేహితులు కూడా ఇవ్వలేదు. వాళ్లు చేసింది ఒక్కటే, ఆయన పేరు మీద ఒక పోటీ పెట్టారు. శిలావిగ్రహమైతే ఎండకు ఎండి, వానకు తడిసి ఓ మూల ఉండేది. పోటీ పెట్టడంతో కొత్త కుర్రాళ్లు వచ్చినప్పుడల్లా ఆయన పేరు పలకాల్సి వస్తోంది. మనుషులు మారుతున్నారు, జట్లు మారుతున్నాయి, పేరు మాత్రం నిలిచింది. ఏ ఊళ్లోనైనా సంక్రాంతి ఆటలకు ఆ ఊరి పాత మాస్టారి పేరో, మైదానం కాపాడిన పెద్దాయన పేరో పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. బతికుండగానే పిలిచి మొదటి బంతి వేయిస్తే మరీ మంచిది. బుచ్చిబాబుకు ఆ రోజు దక్కలేదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు అటే ఉండిపోయింది. మనదో మీదో తేలని ఊరి గురించి ఎన్నో మాటలు నడిచాయి. బుచ్చిబాబు పేరుకు మాత్రం ఆ పేచీ రాలేదు. ఆయన ఆడించిన కుర్రాళ్లలో అందరూ ఉన్నారు కాబట్టి ఆయన అందరివాడయ్యాడు. తమిళులు ఆయన్ను తమవాడే అనుకున్నారు, టోర్నమెంటును కాపాడుతూ వచ్చారు. పరాయి ఊళ్లో స్థిరపడిన తెలుగువాడు అక్కడి మనిషిగా ఎలా నిలబడాలో చెప్పడానికి ఇంతకంటే మంచి బతుకు వెతకనక్కర్లేదు.